విద్యకు ధర్మము తోడు : పండిత మదనమోహన మాలవీయుల చరిత్రము

శ్రీమద్భాగవతములోని ప్రహ్లాదచరిత్రమును పోతనామాత్యుని తెలుగులో వినని వైష్ణవగృహము మనలో అరుదు. హిరణ్యకశిపుడు తన కుమారుని చండామార్కులకు అప్పగించెను. ఆ గురువులు చదువు చెప్పుటలో లోపము చేసినవారు కారు. రాజనీతిని, ధర్మార్థకామములను శ్రద్ధతోనే బోధించిరి. కాని ఆ పాఠశాలలోని దైత్యబాలుర హృదయములలో నాటుకొన్న పాఠము అది కాదు. గురువులు గృహకృత్యములకై వెళ్లిన విరామవేళలో, తమ యీడువాడైన ప్రహ్లాదుడు చేర బిలిచి చెప్పిన మాటయే వారికి నిజమైన విద్య అయినది. కారణమేమి? ప్రహ్లాదుడు తాను చెప్పినదానియందే నిలిచియుండెను. గురువులు రాజునకు వెరచి చెప్పుచుండిరి.

పాఠశాలలలోను, కళాశాలలలోను సత్యమును, శీలమును బోధింపవచ్చునా, బోధించినచో ఎట్లు అను ప్రశ్న తలయెత్తినప్పుడెల్ల నాకు ఈ కథ స్ఫురించును. ఇటీవలి కాలమున ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చిన మహనీయుడు పండిత మదనమోహన మాలవీయ. భాగవతము పారాయణము చేయు ఇంట పుట్టి, భాగవతము వినుచు పెరిగి, విశ్వవిద్యాలయమున కూర్చుండి భాగవతము చెప్పిన ఈ వైష్ణవుని చరిత్రము మన పాఠకులకు మననయోగ్యము.

మాలవీయులు 1861వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీ బుధవారమున ప్రయాగలో జన్మించిరి. ఉత్తరదేశపు పూర్ణిమాంత గణనచే అది పుష్య కృష్ణాష్టమి. మన గణనచే మార్గశిర బహుళాష్టమి. పూర్వులు మాళవదేశమునుండి వచ్చినవారగుటచే మాలవీయులను పేరు వచ్చినది. పితామహుడు ప్రేమధరుడు, తండ్రి వ్రజనాథుడు ఇరువురును సంస్కృతవిద్వాంసులు, శ్రీకృష్ణభక్తులు. వ్రజనాథుడు భాగవతపురాణము చెప్పి, శ్రోతలు భక్తితో సమర్పించిన దానితో పెద్ద కుటుంబమును పోషించుచుండెను. ఇంట కలిమి లేదు. కాని ప్రతి సాయంకాలమును కృష్ణకథ ఉండెను. తల్లి మూనాదేవి దయగల ఇల్లాలు.

బాలుడు అయిదేండ్ల ప్రాయమున పాఠశాలలో చేరెను. హరదేవపండితుని ధర్మజ్ఞానోపదేశ పాఠశాల ఆయన మొదటి బడి. సంస్కృతముతోపాటు సదాచారము అక్కడ నిత్యవిధి. స్నానము, సంధ్య, వ్యాయామము, పెద్దలకు నమస్కారము ఇవన్నియు చదువునుండి వేరైన విషయములుగా పరిగణింపబడలేదు. ఇట్టి పాఠశాలలలో చదివిన మావంటివారికి ఈ మాట తేలికగా అర్థమగును. మాకు నీతిపాఠమని వేరుగా ఒక పాఠము ఉండెడిది కాదు. గురువుగారి నడవడియే మాకు నీతిపాఠము. పాఠశాల తరువాత ఆయన ఆంగ్లవిద్యకై జిల్లా పాఠశాలలో చేరిరి. అటుపిమ్మట మ్యూర్ సెంట్రల్ కళాశాలలో సంస్కృతాచార్యులైన ఆదిత్యరామ భట్టాచార్యుల శిష్యులై, 1884లో కలకత్తా విశ్వవిద్యాలయపు బి.ఏ. పట్టమును పొందిరి.

అప్పుడు వారి మనస్సులోని కోరిక ఉద్యోగము కాదు. తండ్రివలె, తాతవలె భాగవతము చెప్పుకొనుచు ధర్మప్రచారము చేయవలెనని ఉండెను. కాని ఇంటి దారిద్ర్యము ఆ కోరికకు అడ్డుపడినది. తాము చదివిన ప్రభుత్వ పాఠశాలలోనే ఉపాధ్యాయుని స్థానము ఖాళీ అయినది. తల్లి వచ్చి కంటనీరు పెట్టుకొనగా, కుమారుడు మారుమాట పలుకక నెలకు నలువది రూపాయల జీతముపై ఆ పని స్వీకరించిరి. ఈ విధముగా మాలవీయులు మొదట బడిపంతులు. దేశనాయకులు, న్యాయవాదులు, విశ్వవిద్యాలయ స్థాపకులు అయినది తరువాత. బాలుర ముఖములు చూచుచు పాఠము చెప్పిన అనుభవము వారిని జీవితాంతమును విడువలేదు.

1886లో కలకత్తాలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతను జరిగిన కాంగ్రెసు మహాసభలో వారు చేసిన ప్రసంగము అందరను ఆకర్షించినది. కాలాకాంకరు సంస్థానాధీశుడు రాజా రామపాల సింహుడు తాను నడపుచున్న హిందీ పత్రిక హిందుస్థానునకు సంపాదకులుగా ఉండుమని మాలవీయులను కోరెను. జీతము రెండువందల రూపాయలు. ఇంట అప్పులు, సంతానము. అట్టి స్థితిలో ఎవరైనను వెంటనే అంగీకరించెదరు. మాలవీయులు ఒక నియమము విధించిరి. రాజుగారు మద్యము సేవించియున్న సమయమున తమను పిలిపింపరాదు. పిలిపించిననాడు తాము ఉద్యోగము విడిచెదరు. రాజు అంగీకరించెను. 1887నుండి రెండున్నర ఏండ్లు పత్రిక చక్కగా నడచినది. ఒకనాడు రాజు మరచి, మద్యము సేవించిన స్థితిలో పిలిపించి మాటాడెను. మాలవీయులు కోపింపలేదు, నిందింపలేదు. పని విడిచితినని తెలిపి సెలవు తీసికొనిరి. రాజు ఎంత బతిమాలినను మరల చేరలేదు. రాజుకూడ ఉదారుడే. ఆ యువకుని నిష్ఠకు మెచ్చి, ఆయన న్యాయశాస్త్రము చదువుటకు ధనసహాయము చేసెను.

ఈ ఘట్టమున మనము గమనింపవలసినది ఒకటి కలదు. నియమము పెట్టుట సులభము. దానిని పాటింపవలసిన దినము వచ్చినప్పుడు, ఒక్కమారే కదా అను మాట మన మనస్సే చెప్పును. శీలము పరీక్షింపబడునది ఆ ఒక్కమారునందే.

1891లో న్యాయశాస్త్రపట్టము పొంది, 1893నుండి అలహాబాదు హైకోర్టులో వ్యవహరించి, మాలవీయులు గొప్ప పేరు సంపాదించిరి. ధనము కూడ రాసాగినది. అయినను వారి దృష్టి విద్యార్థులపైననే ఉండెను. పల్లెలనుండి ప్రయాగకు చదువుకొనుటకు వచ్చిన పిల్లలకు తలదాచుకొను చోటు లేదని, ఊరూర తిరిగి విరాళములు కూర్చి 1903లో హిందూ విద్యార్థులకు పెద్ద వసతిగృహమును కట్టించిరి. చదువు తరగతిగదిలోనే ముగియదు. పిల్లవాడు ఎక్కడ తినునో, ఎవరితో ఉండునో, ఏ వేళకు లేచునో అదియు విద్యయే అని వారి నమ్మకము. మన ప్రాచీన గురుకులములయందును ఈ భావమే కలదు.

ఆ నమ్మకము క్రమముగా విశ్వవిద్యాలయముగా రూపొందినది. 1904లో కాశీరాజు ప్రభునారాయణ సింహుని అధ్యక్షతను జరిగిన సభలో ఆ ఆలోచన వెలిబుచ్చబడినది. 1906 జనవరిలో ప్రయాగ కుంభమేళాలో, త్రివేణీసంగమమున, సనాతనధర్మ మహాసభలో దానికి సాధుసంతుల ఆమోదము లభించినది. అదివరకే 1898లో శ్రీమతి అనిబిసెంటు కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను నెలకొల్పియుండెను. విద్యార్థులకై సనాతనధర్మ పాఠ్యగ్రంథములను క్రమముగా కూర్చి ప్రకటించినది ఆ కళాశాలయే. 1911లో ఇరువురి ప్రయత్నములును కలిసినవి. దర్భంగా మహారాజు రామేశ్వర సింహుడును తోడ్పడెను.

కోటి రూపాయలు కూర్చవలెనని సంకల్పము. మాలవీయులు రాబడిగల న్యాయవాదవృత్తిని విడిచి దేశమంతయు తిరిగిరి. రాజుల కోటలకు వెళ్లిరి, వర్తకుల కొట్లకు వెళ్లిరి, పేదల గుడిసెల యెదుట నిలిచిరి. భిక్షాటనమున వారికి మించినవారు లేరని జనులు చెప్పుకొనిరి. లక్షలిచ్చిన సంస్థానాధీశుల కాసులును, కూలివాండ్ర కాసులును ఒక్క సంచిలోనే పడినవి. తనకొరకు చేయిచాపని వ్యక్తి పరులకొరకు చేయిచాపినప్పుడు, దానిని త్రోసిపుచ్చుట ఎవరికిని సాధ్యము కాదు.

1915 అక్టోబరు 1వ తేదీన హిందూ విశ్వవిద్యాలయ శాసనము ఆమోదింపబడినది. 1916 ఫిబ్రవరి 4వ తేదీన గంగాతీరమున రాజప్రతినిధి హార్డింజి ప్రభువు శంకుస్థాపనము చేసెను.  విశ్వవిద్యాలయపు ఆశయములు నాలుగు. సంస్కృతవిద్యయు శాస్త్రాధ్యయనమును ఒకటి. కళలును విజ్ఞానశాస్త్రములును రెండవది. దేశమున పరిశ్రమలు పెరుగుటకు వలసిన సాంకేతికవిద్య మూడవది. ధర్మమును, నీతిని విద్యలో అంతర్భాగము చేసి యువకుల శీలమును తీర్చుట నాలుగవది. ఇందులో మాలవీయుల వివేకము కనిపించును. వారు పూర్వకాలమునకు మరలిపోవలెనని కోరలేదు. వేదము చెప్పు ఆవరణములోనే 1919లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఆయుర్వేదము, వ్యవసాయము, గనులు, లోహవిద్య అన్నియు చోటు చేసికొన్నవి. 1929లో స్త్రీలకు ప్రత్యేకముగా కళాశాల ఏర్పడినది. యంత్రము నడపువాడును సత్యసంధుడు కావలెను, పద్దులు వ్రాయువాడును సత్యసంధుడు కావలెను అనునదే వారి అభిప్రాయము. ధర్మము సంస్కృతపండితుల సొత్తు మాత్రమే కాదు.

1919నుండి 1938వరకు వారే ఉపాధ్యక్షులుగా ఉండి విశ్వవిద్యాలయమును నడపిరి. ఆదివారమునాడు గీతాప్రవచనము ఏర్పాటు చేసిరి. ఏకాదశినాడు విద్యార్థులను, అధ్యాపకులను కూర్చి స్వయముగా భాగవతకథ చెప్పుచుండిరి. తెల్లని తలపాగా, తెల్లని అంగీ, మెడలో ఉత్తరీయము, నొసట చందనము. గజేంద్రుని మొరయో, ద్రౌపది ఆపదయో చెప్పుచున్నప్పుడు వారి కన్నులు చెమ్మగిల్లెడివట. యువకుడుగా ఉన్నప్పుడు తల్లి కంటనీటికై విడిచిన భాగవతప్రవచనమును భగవంతుడు వారికి ఈ విధముగా తిరిగి ఇచ్చెను.

అయితే ధర్మబోధ ప్రవచనములతో సరిపోదు. ఉపాధ్యాయునికి ఇష్టము లేనిది ఎదురైనప్పుడు అతడు ఏమి చేయును అనునది విద్యార్థి చూచుచుండును. 1920లో మహాత్మాగాంధి సహాయనిరాకరణమును ప్రారంభించి, ప్రభుత్వముతో సంబంధమున్న విద్యాలయములను విడువుమని విద్యార్థులను కోరిరి. మాలవీయులకు అది సమ్మతము కాదు. ఎన్నో యేండ్లు బిచ్చమెత్తి కట్టిన విద్యాలయము కన్నుల యెదుట ఖాళీ అగునేమో అను భయము సహజమే. అయినను గాంధీజీ కాశికి వచ్చి విద్యార్థులతో మాటాడుటకు వారు అడ్డుచెప్పలేదు. తమ అభిప్రాయమును దాచలేదు, ఎదుటివారి అభిప్రాయమును అణచలేదు. అధ్యాపకుడైన కృపలానీయు, కొందరు విద్యార్థులును విశ్వవిద్యాలయమును విడిచిపోయిరి. ఇరువురు పెద్దలకును పరస్పరగౌరవము తగ్గలేదు. భేదాభిప్రాయమున ద్వేషము లేకుండుట ఎట్లో ఆ దినములలో కాశీ విద్యార్థులు పుస్తకము లేకయే నేర్చుకొనిరి.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనులు రక్షకభట నిలయమును తగులబెట్టి భటులను చంపిరి. ఆ ఘోరమును మాలవీయులు సమర్థింపలేదు. కాని క్రింది న్యాయస్థానము 172 మందికి మరణశిక్ష విధించినప్పుడు, ఎన్నడో విడిచిన న్యాయవాది నల్లకోటును మరల ధరించి హైకోర్టులో వాదించిరి. 1923లో వెలువడిన తీర్పులో మరణశిక్ష 19 మందికి మాత్రమే స్థిరమైనది. మిగిలినవారు ఉరికంబమునుండి తప్పిరి. పాపమును ద్వేషించి ప్రాణమును దయతో చూచుట వైష్ణవధర్మమని మనము చదువుదుము. ఇది ఆ ధర్మమునకు ఆచరణము.

మరియొక విషయమును దాచక చెప్పవలెను. మాలవీయులు ఆచారనిష్ఠులు. ఆహారవిషయమున, స్నానసంధ్యల విషయమున నియమము తప్పనివారు. 1931లో గుండ్రబల్ల సమావేశమునకై సీమకు వెళ్లినప్పుడు గంగాజలమును వెంట గొనిపోయినవారు. అట్టివారు 1927లో కాశీ దశాశ్వమేధఘట్టమున, అంటరానివారని దూరముంచబడిన సోదరులతో సహా అన్ని వర్ణములవారికిని భగవన్నామమంత్రదీక్ష ఇచ్చిరి. పండితులలో పలువురు ఆక్షేపించిరి. తమవారు ఆక్షేపించుటకంటె బాధ మరియొకటి లేదు. మాలవీయులు శాస్త్రమును నిరాకరింపక, శాస్త్రమునుండియే ప్రమాణములు చూపి, మెత్తని మాటతో తమ మార్గమున నిలిచిరి. భగవద్రామానుజులు గోపురమెక్కి మంత్రార్థమును చాటిన సంప్రదాయము తెలిసిన మనకు ఇది కొత్త కాదు. అయినను మనలో ఎందరము అంత ధైర్యము చూపితిమి అని మనలను మనము అడుగుకొనవలసియే ఉన్నది.

వారియందు లోపములు లేవని చెప్పుట చరిత్ర కాదు. పేదవిద్యార్థి వచ్చి దీనముగా నిలిచినచో జీతము మన్నించెడివారు. తప్పుచేసినవాడు పశ్చాత్తాపము చూపినచో శిక్ష తగ్గించెడివారు. ఇందువలన విశ్వవిద్యాలయపు కోశమునకు ఎల్లప్పుడు కొరతయే. క్రమశిక్షణ సడలుచున్నదని విసిగికొన్న అధ్యాపకులును లేకపోలేదు. తరగతిలో నియమించిన ధర్మబోధ కూడ విద్యార్థులందరను ఒకే రీతిగా ఆకర్షించినదని చెప్పజాలము. శాసనముచే నిర్ణయింపబడిన పాఠము ఎంత ఉత్తమమైనను పాఠముగానే మిగిలిపోవు ప్రమాదము ఉండనే ఉన్నది. కాని ఆ ఆవరణమున తెల్లవారుజామున నడచుచు, రోగియైన విద్యార్థి గదికి వెళ్లి మంచముప్రక్క నిలుచు వృద్ధుని చూచినవారు ఆ చిత్రమును మరువలేకపోయిరి.

మాలవీయుల తరువాత, 1939లో, ఆ పీఠమును అలంకరించినవారు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు. అంతకు పూర్వము 1931నుండి 1936వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా ఉండినవారు. 1948-49లో వారి అధ్యక్షతను పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యాలయములలో దినచర్య కొన్ని నిమిషముల మౌనధ్యానముతో ప్రారంభము కావలెననియు, మొదటి సంవత్సరమున మహాపురుషుల చరిత్రలు చదివింపవలెననియు సూచించినది. సిద్ధాంతములకంటె ముందు చరిత్రలు అను క్రమము గమనింపదగినది. తరువాత 1959లో శ్రీప్రకాశుల అధ్యక్షతను ఏర్పడిన సంఘము, 1964-66 నాటి కొఠారీ సంఘము, 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇవన్నియు నీతివిద్య అవసరమని చెప్పినవే. చెప్పుటకు లోటు లేదు. లోటు ఎక్కడ ఉన్నదో నా అనుభవమునుండి ఒకమాట విన్నవించెదను.

నేను చిరకాలము ఒక ఉన్నత పాఠశాలలో సంస్కృతము బోధించితిని. కాలపట్టికలో వారమునకొకమారు నీతిబోధకు ఒక గంట ఉండెడిది. మిగిలిపోయిన వ్యాకరణపాఠమును పూర్తిచేయుటకే నేను తరచుగా ఆ గంటను వాడుకొంటిని. అది చిన్న తప్పు. ఒకసారి వార్షికపరీక్షలలో నేను పర్యవేక్షకుడుగా ఉండగా, పలుకుబడిగల ఒకరి కుమారుడు చొక్కా చేతిలో దాచిన కాగితము చూచి వ్రాయుట నా కంట పడినది. నేను కిటికీవైపు ముఖము త్రిప్పుకొంటిని. వెనుకబల్లపై కూర్చుండిన ఒక పేదబాలుడు నేను చూచుటను చూచెను, ముఖము త్రిప్పుకొనుటను కూడ చూచెను. సెలవుల తరువాత తరగతిలో హరిశ్చంద్రుని కథ చెప్పుచుండగా ఆ బాలుడు తల వంచుకొని కూర్చుండెను. నాకు గొంతు పెగలలేదు. ఆనాడు నాకు తెలిసినది: ఆ పరీక్షాదినమున నేను నీతిపాఠము చెప్పియేయుంటిని, అది హరిశ్చంద్రుని పాఠము మాత్రము కాదు. చండామార్కులవలె నేనును రాజునకు వెరచితిని. కాలాకాంకరులో రెండువందల రూపాయలను గడ్డిపోచగా విడిచిన యువకుని కథ నేనప్పటికే ఎరుగుదును. ఎరిగియుండుట చాలదు.

అందుచేత తల్లిదండ్రులకును, నా తోటి అధ్యాపకులకును నేను మనవి చేయునది ఒక్కటే. నీతిగంట ఉండవలసినదే; మంచి పుస్తకములు ఉండవలసినవే. కాని పరీక్షగదిలో మన కన్నులు, అంగడిలో మన తూకము, ఇంట మనము పలుకు చిన్న అబద్ధము ఇవి పిల్లలు దినదినము చదువు పాఠములు. తలుపు తట్టినవానికి ఇంట లేనని చెప్పుమని పిల్లవానిని పంపి, ఆ సాయంకాలమే వానికి సత్యవ్రతుల కథ చెప్పినచో, వాడు దేనిని నేర్చుకొనును?

మాలవీయులు తమ అంత్యదినములను కాశిలో గడపిరి. 1946లో నవఖాళీలో జరిగిన దారుణముల వార్తలు ఆ వృద్ధహృదయమును క్రుంగదీసినవి. ఆ యేడు నవంబరు 12వ తేదీన, దేశమునకు స్వాతంత్ర్యము రాకముందే, వారు పరమపదించిరి. భారతరత్న బిరుదము 2015లో మరణానంతరముగా సమర్పింపబడినది. వారిని జనులు మహామన అను పేరుతో పిలుచుకొన్నారు. బిరుదము ఎంత గొప్పదైనను ఆ పేరు అంతకంటె గొప్పది.

కాశీయాత్ర చేయు మన యాత్రికులు గంగాస్నానము, విశ్వేశ్వరదర్శనము, బిందుమాధవస్వామి సేవ చేసికొన్న తరువాత, ఒక గడియ ఆ విశ్వవిద్యాలయపు ఆవరణమునకు కూడ వెళ్లవలెను. చెట్లనీడలలో పుస్తకములు పట్టుకొని నడచు పిల్లలు కనిపింతురు. వారిలో మన తెలుగుబిడ్డలును ఉందురు. ఆ నేలను ఒక భాగవతపౌరాణికుని కుమారుడు బిచ్చమెత్తి సంపాదించెనని మన వెంటనున్న పిల్లలకు చెప్పవలెను. చెప్పిన తరువాత, ఇంటికి మరలివచ్చి, మనము చెప్పినదానియందు మనము నిలువవలెను. అట్టి ధైర్యమును ప్రహ్లాదవరదుడైన శ్రీహరి మనకును, మన పిల్లలకు చదువు చెప్పు గురువులకును అనుగ్రహించుగాక.